షహబాజ్ సారు వరుస సిద్ధాంతం

"మానవజాతి సాధించిన మహాకార్యాలు మూడు. ఒకటి నిప్పు, రెండు చక్రం, మూడు వరుసలో నిలబడటం! మొదటి రెండింటి మీద బోలెడు గ్రంథాలు వచ్చాయి. మూడోదాని మీద ఇదే తొలి గ్రంథం!"

'వరుస' అనే పుస్తకం ఈ మాటలతో మొదలవుతుంది. రాసినవాడు షహబాజ్, సిస్టమ్స్ ఇంజినీరింగ్ కన్సల్టెంట్, రచయిత, కామారెడ్డి. పుస్తకంలో నూట నలభై పేజీలున్నాయి. మొదటి పేజీలో చెప్పిన ముక్కనే మిగతా నూట ముప్పై తొమ్మిది పేజీలూ ఒకదాని వెనుక ఒకటి నిలబడి చెబుతాయి. పుస్తకం పేరుకు న్యాయం జరగాలి గదా!

అట్ట మీద రచయిత ఫొటో ఉంది. కోటు, టై, కట్టుకున్న చేతులు, దూరంగా దేన్నో చూస్తున్న కళ్లు. భవిష్యత్తును చూస్తున్నాడని చూసినవాళ్లు అనుకుంటారు. నిజానికి ఆ స్టూడియో గోడ మీద గడియారం ఉంది. కోటు కిరాయి గంట లెక్కన.

ఆ పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివిన మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. రచయిత కాదు, రచయిత అన్న జమీర్.

జమీర్‌ది ఎల్లారెడ్డికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. మూడెకరాల పొలం, ఒక బోరు, రెండు బర్రెలు, భార్య సఫూరా, ఇంటర్ చదివే కూతురు సాదియా. ఆయన బడి ఏడో తరగతి దగ్గర ఆగిపోయింది గాని, అయిదు పూటల నమాజు ఏనాడూ ఆగలేదు. తెల్లవారి ఫజర్ నమాజు చదువుకుని, కాసేపు ఖురాన్ చదువుకుని, ఆ తరువాత చాయ్ తాగుతూ తమ్ముడి పుస్తకంలో ఒక పేజీ చదివేవాడు. అర్థమయ్యేది కాదు. ఏడో తరగతికి ఎంత అర్థం కావాలో అంతే అవుతుందని సమాధానపడి, మరునాడు ఇంకో పేజీ తిప్పేవాడు.

"అబ్బా, చాచా పుస్తకంల వాక్యాలన్ని లైన్ల నిలవడ్డయి. ఒక్కటి గూడ ముందటికి కదుల్తలేదు" అనేది సాదియా.

"నోరు మూసుకో. పెద్ద చదువులు గట్లనే ఉంటయి" అనేవాడు జమీర్.

వెనుక అట్ట మీద రచయిత పరిచయం ఉంది. 'గల్ఫ్‌లోని అంతర్జాతీయ విమానాశ్రయంలో ప్రయాణికుల ప్రవాహ వ్యవస్థల నిర్వహణలో తొమ్మిదేళ్ల అనుభవం.' ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అక్కడి విమానాశ్రయంలో స్టీలు స్తంభాలుంటాయి. ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి నల్ల పట్టీ లాగి తగిలిస్తే, జనం ఆ పట్టీల మధ్య మెలికలు తిరుగుతూ నడుస్తారు. ఆ పట్టీలు తగిలించేవాడు షహబాజ్. జనం పలచబడితే విప్పేవాడు కూడా ఆయనే! గల్ఫ్ నుంచి వచ్చేటప్పుడు అందరూ కంబళ్లు, అత్తరు, టీవీలు తెచ్చుకుంటారు. షహబాజ్ ఎనిమిది స్టీలు స్తంభాలు తెచ్చుకున్నాడు. వాటితోపాటు అద్దంలా మెరిసే ఒక జత నల్ల బూట్లు.

కామారెడ్డిలో నిజాంసాగర్ చౌరస్తా దగ్గర, మిక్సీలు బాగుచేసే దుకాణం పైన ఒక గది తీసుకుని బోర్డు పెట్టాడు. మొదటి పని రామారెడ్డిలో ఒక పెండ్లి విందు. భోజనాల దగ్గర ఎనిమిది స్తంభాలు నిలబెట్టి పట్టీలు కట్టాడు. పెండ్లికొడుకు మేనమామ ఆ మెలికలన్నీ తిరిగి బిర్యానీ డేగ్‌షా దగ్గరికి చేరేసరికి డేగ్‌షా అడుగు కనిపిస్తోంది! మేనమామ అలిగి వెళ్లిపోయాడు. ఆయన వెనుక ముప్పై మంది వెళ్లిపోయారు. ఈ ఘట్టం పుస్తకంలో నాలుగో అధ్యాయంలో వస్తుంది. 'రామారెడ్డి వివాహంలో ఆహార వృథాను సున్నాకు తగ్గించిన వ్యవస్థ.'

అలాంటి మేధావి సొంత ఊరికి పనికొచ్చే రోజు ఈ వానాకాలంలో వచ్చింది.

యూరియాకు కరువొచ్చింది. జమీర్ వరి పిలకలు పెట్టే దశలో ఉంది. ఆకులు పచ్చదనం తగ్గి పసుపు తేలుతున్నాయి. రెండు సంచుల యూరియా కావాలి, పది రోజుల లోపల కావాలి. పది రోజులు దాటితే ఆ తరువాత లారీ నిండా తెచ్చి పోసినా పెరగాల్సిన పిలక పెరగదు. అప్పుడు ఇంట్లోకి వచ్చేది గడ్డి.

ఎరువులు అమ్మే సహకార సొసైటీ దగ్గర అప్పటికే ఒక పద్ధతి ఉండేది. దాన్ని ఎవరూ కనిపెట్టలేదు, ఎవరూ దాని మీద పుస్తకం రాయలేదు. తెల్లవారకముందే వచ్చి, గోదాము తలుపు ముందు ఎవరి చెప్పులు వాళ్లు వరుసలో విడిచిపెట్టాలి. చెప్పులు లేనివాళ్లు ఒక రాయి పెట్టాలి. ఆ తరువాత వేపచెట్టు కింద కూర్చుని బీడీ కాల్చుకోవచ్చు, పోయి బర్రెకు గడ్డి వేసి రావచ్చు. లారీ వచ్చిందంటే ఎవరి చెప్పుల్లో వాళ్లు నిలబడతారు. పక్కవాడి చెప్పులు జరిపినవాడు ఇంతవరకు లేడు. ఆ వరుసలో పదో జత హన్మండ్లుది. పదకొండోది భూమక్క రాయి. పన్నెండోవి జమీర్ చెప్పులు.

ఈ చెప్పుల ఫొటో ఒకరోజు పేపర్లో వచ్చింది. దానితో పైనుంచి ఫోన్లు వచ్చాయి. యూరియా ఎప్పుడొస్తుందని కాదు, చెప్పులు ఎందుకు కనిపిస్తున్నాయని! సొసైటీ చైర్మన్ నరేందర్‌కు చెమటలు పట్టాయి. యూరియా తేవడం ఆయన చేతిలో లేదు. చెప్పులు తీయించడం ఆయన చేతిలో ఉంది. అందుకని కామారెడ్డికి కారు పంపి షహబాజ్‌ను పిలిపించాడు.

షహబాజ్ కారు దిగి చెప్పుల వరుసను మొదటి నుంచి చివరిదాకా చూశాడు. ముక్కు మీద రుమాలు పెట్టుకున్నాడు.

"చెప్పులా! మనిషి నిలబడాల్సిన చోట చెప్పులా! మనిషికి ఇంతకంటే అవమానం ఉంటుందా నరేందర్ గారూ?"

"అదే గదా సార్. పేపర్ల గూడ పడ్డది."

"భయ్యా, నువ్వు కూడానా?" అని అన్న వైపు తిరిగాడు షహబాజ్.

"ఏంజేయాలె రా. పిలకల టైముకు మందు పడాలె గదా. గిదో, పన్నెండు నాది."

"పన్నెండు నీది కాదు భయ్యా. నీ చెప్పులది. అదే తేడా, వ్యవస్థకూ అవ్యవస్థకూ!"

జమీర్‌కు తేడా తెలియలేదు. అయినా తమ్ముడు అంత మంది ముందు అంత ధారగా మాట్లాడటం చూసి గుండె నిండింది. అందరికంటే ముందు ఆయనే వంగి తన చెప్పులు తీసి తొడుక్కున్నాడు. ఆయన్ను చూసి హన్మండ్లు తీశాడు. భూమక్క తన రాయిని కొంగులో వేసుకుంది.

"పారెయ్యి అవ్వా!" అన్నాడు షహబాజ్.

"మంచి రాయి కొడుకా. ఉండనీ."

స్తంభాలు వచ్చాయి, పట్టీలు వచ్చాయి. బల్ల వేసి, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టి, ఇరవై రెండు ప్రశ్నల అవసర పత్రం తయారు చేశాడు షహబాజ్. ఒక్కొక్కరే మెలికలు తిరిగి బల్ల దగ్గరికి రావాలి. భూమక్క వంతు వచ్చింది. మగడు పోయాక ఎకరం పొలం ఒక్కతే చేసుకునే మనిషి.

"యూరియా అవసరానికి గల కారణం?"

"పొలంల సల్లనీకి."

"అది ఉపయోగం. నేను అడిగింది కారణం."

"కారణమేంది కొడుకా? కూరల ఏసుకోనీకి అడుగుతున్ననా?"

వెనుక ఉన్నవాళ్లు నవ్వారు. షహబాజ్ నవ్వలేదు. వ్యవస్థలు నవ్వవు.

"సరే. యూరియా అందకపోతే మీకు కలిగే నష్టం? స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా?"

"నువ్వు అన్నం తింటవా కొడుకా?"

"తింటాను."

"అయితే నువ్వే ఆలోచించి ఏదో ఒకటి రాసుకో."

షహబాజ్ ఆలోచించి 'మధ్యస్థం' అని రాసుకున్నాడు. మధ్యస్థం వాళ్లకు టోకెన్ నంబర్లు నలభై దాటాకే, హన్మండ్లుకూ అంతే.

ఆ తరువాత జమీర్ వచ్చాడు. షహబాజ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. గొంతు పెంచి, గోదాము గోడలకు కూడా వినిపించేటట్టు చెప్పాడు.

"ఈయన నా సొంత అన్న! తండ్రి పోయాక నన్ను పెంచి పెద్ద చేసిన మనిషి! అందుకే ఈయనకు అందరికంటే చివరి నంబరు ఇస్తున్నాను. కన్సల్టెంట్ బంధువుకు ముందు నంబరు వస్తే వ్యవస్థ మీద నమ్మకం పోతుంది. పుస్తకంలో ఏడో అధ్యాయం చూడండి!"

నరేందర్ చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడు గనుక గుమాస్తా కొట్టాడు. జమీర్ చేతికి నూట పద్దెనిమిదో నంబరు టోకెన్ వచ్చింది. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. న్యాయమంటే ఇంటి నుంచే మొదలు కావాలని మౌల్వీ సాబ్ చెప్పే మాట గుర్తొచ్చింది. ఇంటికి పోయి సఫూరాకు అదే చెప్పాడు.

సఫూరా రొట్టెలు చేస్తూ అంతా విన్నది. "మంచిగనే ఉన్నది సాదియా అబ్బా. మరి న్యాయం మన ఇంట్ల మొదలై మన ఇంట్లనే ఆగిపోతదా, ముందటికి గూడ పోతదా?" అన్నది.

హన్మండ్లు ఇంకా సూటిగా అడిగాడు. "చప్పట్లు పొలంల సల్లితే పిలకలొస్తయా జమీర్ భాయ్?"

నాలుగో రోజు లారీ వచ్చింది. చెప్పుల కాలంలో అయితే లోడు దిగిన రెండు గంటల్లో సంచులు ఊళ్లోకి చేరిపోయేవి. ఇప్పుడు అలా కుదరదు. మొదట మెలికలు, తరువాత పత్రం పరిశీలన, తరువాత పరిశీలన జరిగినట్టు సంతకం, చివర అభిప్రాయ సేకరణ. 'వరుసలో నిలబడటం మీకు సంతృప్తి కలిగించిందా?' అవునని టిక్కు పెడితేనే గోదాము తలుపు వైపు పంపుతారు. అందరూ పెట్టారు. పొద్దుగూకేసరికి నలభై మందికి సంచులు అందాయి. తొంభై ఎనిమిది శాతం సంతృప్తి నమోదైంది. మిగిలిన రెండు శాతం గుమాస్తాది, ఆయనకు ఆ పూట అన్నం తినే తీరిక దొరకలేదు.

మరునాడు పొద్దున 'స్టాకు లేదు' అని బోర్డు!

"గదెట్ల?" అన్నాడు హన్మండ్లు. "నలభై మందికి ఎనభై సంచులు. లారీలకెల్లి గంతకంటె ఎక్కువ దిగినయి. నేను కండ్లార జూసిన!"

నరేందర్ షహబాజ్ వైపు చూశాడు. షహబాజ్ చిరునవ్వు నవ్వాడు.

"దిగినవన్నీ పంచినవి కావు. కొన్ని ప్రక్రియలో ఉన్నాయి."

"ప్రక్రియల అంటే ఏడ?"

"ప్రక్రియ అంటే చోటు కాదన్నా. దశ."

హన్మండ్లు టోకెన్ జేబులో వేసుకుని పొలం దారి పట్టాడు. జమీర్ మాత్రం ఇంటికి పోయి పుస్తకంలో 'ప్రక్రియ' అన్న మాట ఎక్కడెక్కడ ఉందో వెతికాడు. అరవై ఒక్క చోట్ల ఉంది. సంచులు మాత్రం ఒక్క చోటా కనిపించలేదు. పొలం గట్టు మీద నిలబడితే వరి ఆయన వైపు చూసినట్టే ఉండేది, పచ్చకామెర్లు వచ్చిన మనిషి చూసినట్టు. పది రోజుల్లో అయిదు అయిపోయాయి.

ఆ అయిదో రోజున షహబాజ్ ఫోన్ చేశాడు. "భయ్యా! ఆదివారం కామారెడ్డిలో రెండో ముద్రణ ఆవిష్కరణ! మన ఊరి విజయగాథ కూడా కలిపిన. జిల్లా పెద్దసారు వస్తున్నరు!"

రెండో ముద్రణ అంటే మళ్లీ అచ్చు వేయడం కాదు. మొదటి ముద్రణలో అమ్ముడుపోని నాలుగు వందల డెబ్బై పుస్తకాలు జమీర్ ఇంట్లో వడ్ల బస్తాలు పెట్టే గదిలో ఉన్నాయి. వాటికి కొత్త అట్ట వేసి, కొత్త పేజీలు పదహారు వెనుక అంటించడమే. సఫూరా మైదా లై ఉడకబెట్టింది. సాదియా అట్టలు అంటించింది. జమీర్ ఆ పదహారు పేజీలూ చదివాడు. అందులో భూమక్క ఉంది. 'ఒక వృద్ధ మహిళా రైతు ఆనందబాష్పాలతో తన రాయిని పారవేసింది.'

"చాచా గిది ఎప్పుడు చూసిండు అబ్బా?"

జమీర్ ఆ వాక్యం మీద వేలు పెట్టి మళ్లీ చదివి, పుస్తకం మూశాడు. 

సభకు లబ్ధిదారులు కావాలన్నారు. యూరియా దొరికినవాళ్లు పొలాల్లో ఉన్నారు, వాళ్లకు తీరిక లేదు. దొరకనివాళ్లకు తీరికే తీరిక. అందుకని యూరియా అందని పదిహేను మంది లబ్ధిదారులుగా కామారెడ్డికి బయలుదేరారు! వచ్చినవాళ్లకు వచ్చే లోడులో ముందు నంబర్లు ఇస్తామని నరేందర్ మాట ఇచ్చాడు. పెద్దసారు అడిగితే చూపించడానికి పాస్‌బుక్కులు తెమ్మన్నాడు. భూమక్క వచ్చింది, హన్మండ్లు వచ్చాడు. జమీర్ సరేసరి.

పొద్దున పుస్తకాల కోసం ఒక బొలెరో వచ్చింది. వెనుక తాడిపత్రి పట్టా కప్పి ఉంది.

"కింద ఏమున్నది మైసన్నా?" అని డ్రైవర్‌ను అడిగాడు జమీర్.

"స్టేజి సామాను."

పుస్తకాల కట్టలు మోసుకొచ్చి, ఆ తాడిపత్రి మీద తన చేతులతోనే పేర్చాడు జమీర్.

కామారెడ్డి ఫంక్షన్ హాల్లో వేదిక మీద షహబాజ్ బూట్లు లైట్ల వెలుగులో తళతళలాడాయి. పెద్దసారు మధ్యలో, నరేందర్ ఒక పక్క, షహబాజ్ ఒక పక్క. లబ్ధిదారుల కోసం వెనుక వైపు పదిహేను కుర్చీలు. స్తంభాలూ వచ్చాయి, అన్నింటికీ పూలు చుట్టి.

"నా వ్యవస్థలో ముందు తలుపు ఒక్కటే ఉంటుంది!" అంటున్నాడు షహబాజ్. "వెనుక తలుపు ఉండదు! నా సొంత అన్నకే చివరి నంబరు ఇచ్చాను!"

చప్పట్లు. జమీర్ తల వంచుకున్నాడు. ఇంతలో నరేందర్ సైగ చేశాడు, ఇంకో రెండు కట్టల పుస్తకాలు తెమ్మని. జమీర్ లేచి హాలు వెనుక తలుపు గుండా బయటికి వెళ్లాడు.

బొలెరో గోడ పక్కన నిలబడి ఉంది. వెనుక డాలా తలుపు దించి రెండు కట్టలు లాగాడు. రెండో కట్టతోపాటు తాడిపత్రి మూల కూడా లేచింది. ముందు వాసన వచ్చింది. ముప్పై ఏళ్లు పొలం చేసిన మనిషికి ఆ వాసన ఎవరూ చెప్పనక్కర లేదు. ఆ తరువాత తెల్ల సంచులు కనిపించాయి. ఒకటి, రెండు, నాలుగు. తాడిపత్రి ఇంకాస్త ఎత్తాడు. ముప్పై!

"మైసన్నా, గిది స్టేజి సామానా?"

మైసన్న బీడీ తీసి, అటూ ఇటూ చూశాడు. "నీకు ఎర్కలేదా జమీర్ భాయ్? షహబాజ్ సార్ ఫీజు గది. సొసైటీల కన్సల్టెంట్లకు ఇచ్చే పద్దు లేదంట. పైసల్లేవు, సంచులున్నయి అన్నడంట చైర్మన్ సాబ్. సభ అయినంక బీర్కూర్ తీస్కపోవాలె. సార్‌కు పిల్లనిచ్చిన మామకు పదెకరాల పొలమున్నది గదా!"

జమీర్ పుస్తకాల కట్టలు కింద పెట్టాడు. ఓహో, ప్రక్రియ అంటే ఇదన్నమాట! తాను తమ్ముడి మాట నిలబెట్టడానికి చివరి నంబరు తీసుకున్నాడు. తమ్ముడి మామకు నంబరుతోనే పని లేకపోయింది. పైగా ఆ సంచుల మీద పుస్తకాలు పేర్చింది తన చేతులే.

లోపలికి పోయి చెప్పొచ్చు. చెబితే అంత మందిలో తమ్ముడి పరువు పోతుంది. ఆ తమ్ముణ్ని భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకుపోయింది తనే. చెప్పకపోతే? తన పొలం సంగతి అలా ఉంచినా, భూమక్క ఎకరం మాటేమిటి? ఏది నమ్మకం నిలబెట్టే అమానత్, ఏది నమ్మకద్రోహం చేసే ఖయానత్, ఏడో తరగతి చదువుకు తేలలేదు.

అప్పుడే దగ్గరి మసీదులోంచి మధ్యాహ్నపు జొహర్ అజాన్ వినిపించింది. అక్కడికి పోయి వచ్చే తీరిక లేదు, లోపల పుస్తకాల కోసం చూస్తున్నారు. అయినా పుస్తకాలు ఆగుతాయి, నమాజు ఆగదు. నల్లా దగ్గర కాళ్లూ చేతులూ ముఖమూ కడిగి వజూ చేసుకుని, బండి నీడలో భుజం మీది తువ్వాల పరుచుకున్నాడు. డాలా పక్కన చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఆనాడు ఆయన దువా చిన్నదే. 'యా అల్లా, నాకు మాట రాదు. దారి నువ్వే చూపించు.'

ఆయన నుదురు నేలకు ఆనించి సజ్దాలో ఉండగా భూమక్క నీళ్ల కోసం వెనుకకు వచ్చింది. ఆమె కంటికి కనిపించింది ఇదీ: డాలా దించిన బండి, బండిలో యూరియా సంచులు, బండి వెనుక జమీర్ చెప్పులు. దీనికి ఆ ఊరి మనిషికి తోచే అర్థం ఒక్కటే!

"ఓ హన్మండ్లూ! లోడొచ్చింది! లైను వడ్డది రా!" అని హాలు తలుపులోకి కేకేసి, కొంగులోంచి రాయి తీసింది. జమీర్ చెప్పుల వెనుక పెట్టలేదు. ముందు పెట్టింది. ఆయన పన్నెండు, ఆమె పదకొండు గదా!

హన్మండ్లు పరుగున వచ్చి తన చెప్పులు రాయికి ముందు విడిచాడు. ఆయన వెనుక మిగతావాళ్లు. ఎవరు ముందు, ఎవరు వెనుక అని ఒక్కరూ అడగలేదు. స్తంభాలు వచ్చి చెరిపేసిన వరుస మళ్లీ ఎక్కడివాళ్లు అక్కడ కుదురుకుంది. చెప్పులు విడిచి అందరూ గోడ నీడకు చేరారు. నమాజు చేసుకునే మనిషి ముందు నుంచి ఎవరూ నడవలేదు.

లోపల వేదిక మీద షహబాజ్ చేయి చాచాడు. "ఇక లబ్ధిదారుల నోటనే విందాం! దయచేసి వరుసగా రండి!"

పదిహేను కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

"రైతులు ఎక్కడ?" అన్నాడు పెద్దసారు.

"లైన్ల ఉన్నరు సార్" అన్నాడు చాయ్ కప్పులు పట్టుకొచ్చిన మనిషి.

"ఏ లైను?"

"యూరియా లైను సార్. ఎనక."

ఫంక్షన్ హాల్లో యూరియా లైను! పెద్దసారు లేచాడు. ఆయన లేచాడు గనుక అందరూ లేచారు. జమీర్ కుడి వైపు సలాం చెప్పి, ఎడమ వైపు సలాం చెప్పి తల తిప్పేసరికి, ఎదురుగా చెప్పుల వరుస, దాని పక్కన పెద్దసారు, ఆయన వెనుక సున్నం కొట్టిన గోడలా నరేందర్ ముఖం!

"ఈ సంచులేమిటి?" అన్నాడు పెద్దసారు.

నరేందర్ షహబాజ్‌ను చూశాడు. షహబాజ్ జమీర్‌ను చూశాడు. జమీర్ తువ్వాల దులిపి మడత పెట్టుకుంటున్నాడు. ఆయన చెప్పడానికి నోరు తెరవనూ లేదు, కప్పిపుచ్చడానికి కదలనూ లేదు. సంచులు కనిపిస్తూనే ఉన్నాయి.

షహబాజ్ గొంతు సవరించుకున్నాడు. "ఇది... ప్రత్యక్ష ప్రదర్శన సార్! మిగిలిపోయిన రైతులకు మీ సమక్షంలో పంపిణీ! పుస్తకంలో తొమ్మిదో అధ్యాయం!"

పుస్తకంలో ఎనిమిది అధ్యాయాలే ఉన్నాయని ఆ చోట తెలిసిన మనిషి జమీర్ ఒక్కడే.

"భేష్!" అన్నాడు పెద్దసారు. "మరి చెప్పులు?"

"అవి... సంప్రదాయ పరిజ్ఞానం సార్."

"భేష్ భేష్! నరేందర్ గారూ, కానివ్వండి. పాస్‌బుక్కులు చూసి రసీదులు రాయండి. నేను ఇక్కడే నిలబడి చూస్తాను."

అవసర పత్రం లేదు, మెలికలు లేవు, సంతృప్తి మీద టిక్కు లేదు. రసీదు బుక్కు నరేందర్ కారులోనే దొరికింది. ఒక్కొక్కరే తమ చెప్పుల్లో నిలబడ్డారు, పైసలు కట్టారు, రెండు సంచులు దింపుకున్నారు, చెప్పులు తొడుక్కుని పక్కకు జరిగారు. సగం పని అయ్యేసరికి షహబాజ్ ఫోన్ మోగింది. ఆయన గోడ వైపు తిరిగి, నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆఁ మామూ... వస్తున్నయి మామూ... లేదు మామూ, ప్రక్రియల ఉన్నయి!"

హన్మండ్లు విని జమీర్‌ను మోచేత్తో పొడిచాడు. "గది చోటు కాదంట భాయ్. దశనంట."

పెద్దసారు ఫొటోలు దిగి, అందరినీ వెంటబెట్టుకుని మళ్లీ లోపలికి వెళ్లాడు. మైసన్న ఖాళీ బండి కడగడానికి నీళ్లు తెస్తానని పోయాడు. హన్మండ్లు, మిగతావాళ్లు ఊరికి వాహనం మాట్లాడటానికి రోడ్డు మీదికి వెళ్లారు. సంచులకు కాపలా జమీర్, భూమక్క మిగిలారు. భూమక్క తన రెండు సంచుల మీద కూర్చుని, వాటిని మనవలను తట్టినట్టు తడుతోంది. పది రోజుల్లో ఇంకా మూడు మిగిలి ఉన్నాయి. రేపు పొద్దున పొలంలో చల్లితే వరి తేరుకుంటుంది. జమీర్ నోట్లో 'అల్‌హమ్దులిల్లా' అనే మాట దానంతటదే వచ్చింది.

హాలులోంచి మైకు వినిపిస్తోంది. షహబాజ్ గొంతే. "మనిషి నిలబడాల్సిన చోట మనిషే నిలబడాలి!"

"ఓ జమీరూ, గివెవలయి?" అన్నది భూమక్క.

చెప్పులన్నీ పోయిన చోట, వరుస చివర, ఒక జత మిగిలి ఉంది. అద్దంలా మెరిసే నల్ల బూట్లు. వాటి కింద మడత పెట్టిన జిరాక్సు కాగితం ఒకటి గాలికి ఆడుతోంది. జమీర్ వంగి మడత విప్పి చూశాడు. పాస్‌బుక్కు జిరాక్సు. ఊరు బీర్కూర్, పదెకరాలు.

తెరిచి ఉన్న వెనుక తలుపులోంచి ఆయన హాలులోకి చూశాడు. వేదిక మీద బల్లకు ముందు గుడ్డ కప్పారు గాని, పక్క నుంచి చూస్తే కనిపిస్తుంది. బల్ల వెనుక షహబాజ్ సాక్సుల మీద నిలబడి ప్రసంగిస్తున్నాడు.

"మా తమ్మునియి" అన్నాడు జమీర్.

"అయ్యో, బండి ఖాళీ అయింది గదా!"

 బూట్లు కొంచెం వంకరగా ఉంటే, జమీర్ రెండింటినీ పక్కపక్కన సరిగ్గా పెట్టాడు. భూమక్క లేచి వచ్చింది. కొంగులోంచి రాయి తీసి, జిరాక్సు ఎగిరిపోకుండా దాని మీద పెట్టింది.

"ఉండనీ తియ్యి. వచ్చే లోడుకు గీ పిలగాడే మొదటోడు."